పక్క కంప్యూటరు ఎందుకు కనబడదు? - ఒక నమ్మకం కథ

సాఫ్టువేరు ఉద్యోగం చేసే ప్రతివాడికీ సొంతూరినుంచి కొన్ని ఫోన్లు వస్తూనే ఉంటాయి. "అన్నా, పక్క కంప్యూటరు కనబడట్లేదు" అన్నది వాటిలో మొదటి రకం. మాది తిరువూరు. విజయవాడ నుంచి భద్రాచలం వెళ్ళే దారిలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గర్లో ఉంటుంది. అక్కడి డీటీపీ షాపులవాళ్ళూ, జిరాక్సు సెంటర్లవాళ్ళూ, దస్తావేజులు రాసేవాళ్ళూ అడిగేది ఇదే. మనం జావా రాస్తున్నామా, డేటాబేసులు కాస్తున్నామా అన్నది వాళ్ళకనవసరం. "నువ్వు చేసేది కంప్యూటరు పనేగా!" అంటారు. ఆ మాటకొస్తే అడగడం న్యాయమే.

ఈ జబ్బుకి చిట్కా వైద్యాలు బోలెడు. అన్నిటి సారం ఒకటే: ఫైర్‌వాలు ఆపెయ్, పాస్‌వర్డు తీసెయ్, 'ఎవ్రీవన్'కి పూర్తి హక్కులిచ్చెయ్, ఎస్సెంబీ ఒకటో వెర్షను మళ్ళీ ఆన్ చెయ్. పనైపోతుంది, నిజమే. కానీ ఆ అడ్డంకులు అసలు ఎందుకొచ్చాయో ఎవరూ చెప్పరు. నా వాదన ఏమిటంటే, ఫైల్ షేరింగులో మనకు తగిలే చాలా ఎర్రర్లు ఎప్పుడో తగిలిన దెబ్బల తాలూకు మచ్చలు. ఆ చరిత్ర తెలిస్తే తప్పు ఎక్కడుందో తొందరగా దొరుకుతుంది. ఏ తలుపు తీయొచ్చో, ఏది తీయకూడదో కూడా తెలుస్తుంది.

ఒక్క గదికోసం పుట్టిన భాష

ఐబీఎం వాళ్ళ పర్సనల్ కంప్యూటరు 1981లో బజారులోకొచ్చింది. ఆఫీసులో పది కంప్యూటర్లున్నా వాటి మధ్య ఫైళ్ళు తిరగాలంటే ఫ్లాపీలే దిక్కు. పక్క కంప్యూటరులో ఉన్న ఫైలును మన డిస్కులో ఉన్నట్టే తెరవగలిగితే బాగుంటుంది కదా అని 1983 ప్రాంతంలో ఐబీఎంలో బ్యారీ ఫైగెన్‌బామ్ అనే ఇంజనీరు ఒక ప్రోటోకాలు తయారుచేశాడు. మొదట దానికి తన పేరులోని పొడి అక్షరాలే పెట్టుకున్నాడు - బీఏఎఫ్ అని. బయటికొచ్చేసరికి అది సర్వర్ మెసేజ్ బ్లాక్ అయింది. మనం పిలుచుకునే ఎస్సెంబీ అదే. ఆ కాలంలోనే సైటెక్ అనే కంపెనీ ఐబీఎం కోసం నెట్‌బయాస్ తయారుచేసింది. ఎస్సెంబీ దాని భుజాలమీదెక్కి నడిచేది.

నెట్‌బయాస్ పద్ధతి చాలా సింపుల్. ప్రతి కంప్యూటరుకీ ఒక పేరు, 15 అక్షరాలకు మించకుండా. (16వ స్థానం ఆ పేరుతో నడిచే సేవ ఏదో చెప్పడానికి.) ఒకటి ఇంకోదాన్ని వెతకాలంటే గది మధ్యలో నిలబడి కేకేస్తుంది: "ఇక్కడ 'అకౌంట్స్' ఎవరు?" ఆ పేరు గలవాడు "నేనే" అంటాడు. అంతే! నువ్వే అకౌంట్స్ అని రుజువేమిటి అని అడిగేవాడు లేడు. ఆ రోజుల్లో యూనిక్సు వాళ్ళ ఎన్నెఫ్ఎస్ కూడా ఈ తానులో ముక్కే. "నేను ఫలానా నంబరు యూజరుని" అని అవతలి కంప్యూటరు చెబితే సర్వరు సరేననేది.

ఇది తెలివితక్కువతనం అనుకోవద్దు. కేబులు ఎంతవరకు ఉంటే అంతవరకే ఆ ప్రపంచం. కేబులు దాకా రావాలంటే ఆఫీసు గేటు దాటాలి, గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు. భద్రత అంతా అతని లాఠీలోనే ఉండేది. లోపలున్నవాళ్ళందరూ మనవాళ్ళే అన్న నమ్మకం మీద కట్టిన ఇల్లు అది. ఈ కథంతా ఆ నమ్మకం ఎలా చెడిందన్న కథే.

కరెంటు పోతే మళ్ళీ ఎన్నికలు

అప్పట్లో ఫైళ్ళు పంచుకోవాలంటే సాధారణంగా మధ్యలో ఒక సర్వరు ఉండాలి. 90లలో మన దగ్గర కంప్యూటరు ఇన్‌స్టిట్యూట్లకు వెళ్ళినవాళ్ళకి నావెల్ నెట్‌వేర్ సర్వరూ, దానికి తగిలించిన హార్డ్‌డిస్కు లేని కంప్యూటర్లూ గుర్తుండే ఉంటాయి. 1992 అక్టోబరులో వచ్చిన విండోస్ ఫర్ వర్క్‌గ్రూప్స్ సర్వరు లేకుండా ఎవరి ఫోల్డరు వాళ్ళు పంచుకునే వీలును మామూలు విండోసు యూజరు చేతిలో పెట్టింది. 1995లో విండోస్ 95 వచ్చాక 'నెట్‌వర్క్ నైబర్‌హుడ్' అని పేరు పెట్టి మరీ ఇరుగుపొరుగుని చూపించింది.

ఆ జాబితా ఎవరు రాసేవారో తెలుసా? కంప్యూటర్లు తమలో తాము ఎన్నిక పెట్టుకుని ఒకదాన్ని 'మాస్టర్ బ్రౌజర్'గా ఎన్నుకునేవి. ఎవరి విండోసు పెద్దది, ఎవరు ఎక్కువసేపటినుంచి ఆన్‌లో ఉన్నారు లాంటివి చూసి గెలుపు తేల్చేవి. మిగతావన్నీ సుమారు 12 నిమిషాలకోసారి "నేనున్నాను" అని హాజరు పలికేవి. మూడుసార్లు పలక్కపోతే, అంటే 36 నిమిషాలకు, పేరు కొట్టేసేవారు. అందుకే ఆపేసిన కంప్యూటరు జాబితాలో అరగంట దాకా కనబడేది, ఇప్పుడే వేసింది కనబడేది కాదు. ఇక ఎండాకాలం కరెంటు కోతలున్న ఊళ్ళో పరిస్థితి ఊహించుకోండి. కరెంటు వచ్చినప్పుడల్లా ఎన్నికలే!

ఇందులో ఈరోజుకీ పనికొచ్చే పాఠం ఒకటుంది. జాబితాలో కనబడటం వేరు, అందుబాటులో ఉండటం వేరు. నైబర్‌హుడ్‌లో పేరు లేకపోయినా, రెండు వెనక్కి వాలిన గీతలు కొట్టి అవతలి కంప్యూటరు ఐపీ అడ్రసు టైపు చేస్తే ఫోల్డరు తెరుచుకోవచ్చు. తెరుచుకుందంటే కేబులూ, షేరింగూ బాగానే ఉన్నాయని, చెడింది పేరు చెప్పే వ్యవస్థ ఒక్కటేనని అర్థం. చాలామంది ఈ ఒక్క పరీక్ష చేయకుండానే ఫైర్‌వాలు మీద పడతారు.

ఒక్క అక్షరం చాలు

విండోస్ 95, 98లలో పాస్‌వర్డు మనిషికి కాదు, నేరుగా ఫోల్డరుకే పెట్టేవాళ్ళం. 2000 అక్టోబరులో దీని గుట్టు బయటపడింది. అవతలివాడు ఎన్ని అక్షరాలు పంపానంటే అన్నే సరిచూసేది! ఒక్క అక్షరం పంపి "నా పాస్‌వర్డు ఇంతే" అంటే మొదటి అక్షరం ఒక్కటే పోల్చి తలుపు తీసేది. మీరు ఇష్టదైవం పేరు మొత్తం పాస్‌వర్డుగా పెట్టుకున్నా సరే, దొంగకి మొదటి అక్షరం తగిలితే చాలు. మైక్రోసాఫ్టు వెంటనే ప్యాచ్ ఇచ్చింది. కానీ ప్యాచ్ వేసుకున్నదెవరు? రెండేళ్ళ తరవాత, 2002లో, ఓపాసర్వ్ అనే వర్ము ఇదే కన్నంలోంచి దూరి ప్రపంచమంతా తిరిగింది.

ఈ రెండు తేదీల మధ్య మారింది ఏమిటి? గదికి గోడలు పోయాయి. అవే కంప్యూటర్లకు మోడెములూ, కేబుల్ ఇంటర్నెట్టూ తగిలించారు. గది లోపలికోసం రాసుకున్న భాషను ప్రపంచం మొత్తం వినడం మొదలుపెట్టింది. మా ఊరివాళ్ళకి ఇది ఇంకో రకంగా చెబితే తేలిగ్గా ఎక్కుతుంది. 2014 జూన్ 2 దాకా తిరువూరు నుంచి సత్తుపల్లి వెళ్ళడమంటే పక్క జిల్లాకి వెళ్ళడం. ఆ తరవాత పక్క రాష్ట్రానికి వెళ్ళడం. రోడ్డు అదే, మనుషులు వాళ్ళే, చుట్టరికాలూ అవే. కానీ మధ్యలో ఒక గీత పడింది, గీత పడ్డాక 2020లో కరోనా కాలంలో చూసినట్టు దాని మీద చెక్‌పోస్టు పెట్టే వీలూ వచ్చింది. ఫైల్ షేరింగుకి జరిగింది కూడా ఇదే, రాత్రికి రాత్రే సరిహద్దు ఊరైపోయింది. తేడా ఏమిటంటే, చెక్‌పోస్టు రావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఎక్స్‌పీ పెట్టిన తాళాలు

2001 అక్టోబరులో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ నుంచే మనకు తెలిసిన తలనొప్పులు మొదలు. వరసగా చూద్దాం.

ఎక్స్‌పీ హోమ్‌లో వర్క్‌గ్రూపు పేరు 'ఎమ్మెస్ హోమ్' అని ఉండేది, ప్రొఫెషనల్‌లో 'వర్క్‌గ్రూప్' అని. ఒక షాపులో రెండు రకాలూ ఉంటే పక్కపక్కనే ఉండి వేరు కాపురాలు! పాస్‌వర్డు లేని ఖాతాతో కంప్యూటరు ముందు కూర్చుని లాగిన్ అవ్వొచ్చు, కానీ నెట్‌వర్కు మీదనుంచి కుదరదు. ఇది ఇప్పటికీ అంతే. 'నా దానికి పాస్‌వర్డే లేదు, మరి ఎందుకు అడుగుతోంది?' అన్న ప్రశ్నకి చాలాసార్లు ఇదే జవాబు. 'సింపుల్ ఫైల్ షేరింగ్' ఆన్‌లో ఉంటే బయటినుంచి ఎవరొచ్చినా గెస్టు కిందే లెక్క. ఇక ఒకేసారి లోపలికి వచ్చేవాళ్ళ సంఖ్య హోమ్‌లో 5, ప్రొఫెషనల్‌లో 10. ఆరో కంప్యూటరు కొన్న ఇంటర్నెట్ సెంటరువాడికి ఐదూ బాగుండి ఆరోది ఎందుకు మొరాయిస్తోందో అర్థమయ్యేది కాదు.

2003 ఆగస్టులో బ్లాస్టర్ వర్ము వచ్చింది. అది దూరింది ఎస్సెంబీలోంచి కాదు, దాని పక్కనే ఉండే ఆర్‌పీసీలోంచి. కానీ జబ్బు అదే: లోపలివాళ్ళు మాత్రమే వింటారనుకున్న తలుపు వీధిలోకి తెరుచుకుని ఉండటం. సరిగ్గా ఏడాదికి, 2004 ఆగస్టులో, ఎక్స్‌పీ రెండో సర్వీసు ప్యాకు ఫైర్‌వాలును తనంతట తానే ఆన్‌లో ఉండేలా మార్చింది. నిన్నటిదాకా బాగున్న షేరింగు కొన్నిచోట్ల అప్‌డేటు వేసిన మర్నాడు ఆగిపోయింది. ఎవరికి కోపం రాదు? 'ఫైర్‌వాలు ఆపెయ్' అన్న సలహా ఇంతగా పాకిపోవడానికి ఈ కాలమే కారణమని నా నమ్మకం. నిజానికి అందులో 'ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్' అని ఒక్క టిక్కు పెడితే, మన లోకల్ నెట్‌వర్కుకి మాత్రమే దారి తెరుచుకునేది. గోడ కూల్చక్కర్లేదు, కిటికీ తీస్తే చాలు. కానీ కూల్చడం తేలిక కదా!

మధ్యలో ఒక పిట్టకథ

కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న ఆండ్రూ ట్రిడ్జెల్ అనే కుర్రాడు 1991 ఆఖరులో ఒక పనికి దిగాడు. తన పీసీనుంచి యూనిక్సు కంప్యూటరులోని ఫైళ్ళు చూడాలి. ప్రోటోకాలు వివరాలు చేతిలో లేవు. తీగలో పోతున్న ప్యాకెట్లను చూసి, ఎవరు ఏమడిగితే ఎవరు ఏం జవాబిస్తున్నారో పట్టుకుని, తనే ఒక సర్వరు రాసేశాడు. పేరు కోసం డిక్షనరీ ఫైలులో ఎస్, ఎమ్, బీ అక్షరాలు ఆ వరసలో వచ్చే మాటలు వెతికితే 'సాంబా' తగిలింది. ఆ తరవాత యూరోపియన్ కమిషన్ 2004లో మైక్రోసాఫ్టును ప్రోటోకాలు వివరాలు ఇవ్వమని ఆదేశించడం, 2007 సెప్టెంబరులో కోర్టు దాన్ని సమర్థించడం, ఆ డిసెంబరులో సాంబా వాళ్ళకు 10,000 యూరోల ఫీజు మీద ఆ పత్రాలు దక్కడం - అదొక పెద్ద కథ. మనకు ముఖ్యమైంది ఏమిటంటే, ఇంట్లో పెట్టుకునే చాలా నెట్‌వర్కు డిస్కుల్లో, పెన్ డ్రైవు గుచ్చే రౌటర్లలో ఉన్నది ఈ సాంబానే. అవి పాత సాంబాతో, ఒకటో వెర్షను ఎస్సెంబీతో ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయాయి. కొత్త కంప్యూటరు కొనగానే 'డిస్కు కనబడట్లేదు' అనడానికి కారణం చాలాసార్లు అదే.

2017 మే 12

ఎస్సెంబీ రెండో వెర్షను విండోస్ విస్టాతో వచ్చింది, మూడోది 2012లో విండోస్ 8తో. కానీ ముసలి ఒకటో వెర్షను కూడా పక్కనే కూర్చుని ఉండేది, పాతవాళ్ళెవరైనా పిలిస్తే పలకడానికి. 2016 సెప్టెంబరులో మైక్రోసాఫ్టులోనే ఎస్సెంబీ బాధ్యతలు చూసే నెడ్ పైల్ దాన్ని వాడటం ఆపండి మొర్రో అని రాశాడు. విన్నవాళ్ళు తక్కువ.

2017 మార్చి 14న ఒకటో వెర్షనులోని పెద్ద కన్నానికి ప్యాచ్ వచ్చింది. ఏప్రిల్ 14న ఆ కన్నంలోంచి దూరే 'ఎటర్నల్ బ్లూ' అనే ఆయుధాన్ని షాడో బ్రోకర్స్ అనే ముఠా బయటపెట్టింది. అది అమెరికా నిఘా సంస్థ ఎన్నెస్సే తయారుచేసుకున్నదని చెబుతారు. మే 12న వానాక్రై వచ్చింది. కంప్యూటరులోని ఫైళ్ళన్నీ తాళం వేసి, 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కడితేనే విప్పుతానంది. ఎవరూ ఏ ఈమెయిలూ తెరవక్కర్లేదు. 445 పోర్టు వింటూ ఉంటే చాలు, ఒకదాన్నుంచి ఇంకోదానికి తనే పాకింది. 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దెబ్బతిన్నాయని యూరోపోల్ చెప్పింది. ఇంగ్లండులో ఆస్పత్రులు అపాయింట్‌మెంట్లు రద్దు చేసుకున్నాయి.

ఎక్కడో ఇంగ్లండు కదా అనుకోకండి. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లోని 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లు దీని బారిన పడ్డాయని అప్పుడు వార్తలొచ్చాయి. తిరువూరు అప్పటికి కృష్ణా జిల్లాలోనే ఉంది (ఎన్టీఆర్ జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్లో). 1983లో ఒక గదికోసం పెట్టుకున్న నమ్మకం 34 ఏళ్ళకి మన జిల్లా పోలీసు కంప్యూటర్ల మీదికొచ్చి కూర్చుంది.

దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు, 2017 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 అప్‌డేటు నుంచి ఒకటో వెర్షను సర్వరు భాగం కొత్త ఇన్‌స్టలేషన్లలో లేకుండా పోయింది. క్లయింటు భాగం హోమ్, ప్రో ఎడిషన్లలో ఉంచారు కానీ, మొత్తం మీద 15 రోజులు వాడకపోతే (కంప్యూటరు ఆపేసి ఉన్న సమయం లెక్కలోకి రాదు) అదే తొలగిపోతుంది. 'మొన్న పనిచేసింది, ఎవరూ ఏం ముట్టుకోలేదు, ఇవాళ పనిచేయట్లేదు' అంటే నమ్మండి, నిజంగానే ఎవరూ ముట్టుకుని ఉండరు! ఒకటో వెర్షను పోవడంతో దానిమీద ఆధారపడ్డ ఆ మాస్టర్ బ్రౌజర్ ఎన్నికలూ పోయాయి. 2024లో విండోస్ 11 '24హెచ్2' ఇంకో అడుగు వేసింది. ప్రో ఎడిషన్లో గెస్టుగా వెళ్ళడం కుదరదు, ప్రతి మాటకీ సంతకం ఉండాలి. గెస్టుకి పాస్‌వర్డు లేదు కాబట్టి సంతకమూ లేదు. 'పక్క షాపువాడే, రానివ్వండి' అన్న మర్యాద అక్కడితో సమాప్తం.

మరి తిరువూరులో ఎక్స్‌పీ ఎందుకు బతికుంది?

ఇక్కడ మన సాఫ్టువేరువాళ్ళతో నాకు పేచీ ఉంది. "2014 ఏప్రిల్లోనే సపోర్టు ఆగిపోయిన ఎక్స్‌పీని ఇంకా వాడుతున్నారా?" అని నవ్వుతాం. ఎందుకు వాడుతున్నారో అడగం.

తెలుగు డీటీపీ పెరిగింది పేజ్‌మేకర్ మీద. దాని ఆఖరి వెర్షను 7, వచ్చింది 2001లో. తెలుగు అక్షరాలకి వాడింది యూనికోడ్ ఫాంట్లు కాదు, ఒక్కో కంపెనీ ఒక్కో పద్ధతిలో చేసిన పాత ఫాంట్లు. కొన్నిటికి కంప్యూటరు వెనక గుచ్చే డాంగిల్ కూడా ఉండాలి. పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు, స్కూలు ప్రశ్నపత్రాలు, దస్తావేజుల నమూనాలు ఇరవయ్యేళ్ళవి ఆ ఫైళ్ళలోనే ఉన్నాయి. 1998 నవంబరులో 'కార్డ్' ప్రాజెక్టుతో రాష్ట్రంలో రెండొందల పైచిలుకు సబ్ రిజిస్ట్రారు ఆఫీసుల్లోకి కంప్యూటర్లొచ్చాయి, బయట దస్తావేజు లేఖరుల చేతిరాత కూడా క్రమంగా కీబోర్డు మీదికి మారింది. వాళ్ళ దగ్గరున్నవి ఆస్తి హద్దుల వివరాలు. పోతే మళ్ళీ టైపు చేయించుకోవడానికి కుదిరేవి కావు. అందుకే పాతది పారేయరు. కొత్తది కొంటారు. రెంటినీ కలపమంటారు. కుదరకపోతే ఎవరో ఒకరు ఫైర్‌వాలు ఆపి, ఒకటో వెర్షను ఆన్ చేసి, మూడొందలు పుచ్చుకుని వెళతారు. వానాక్రై లాంటిది ఇంకోటి వస్తే ఆ షాపు ఇరవయ్యేళ్ళ కష్టం ఒక్క పూటలో తాళం పడుతుంది.

తాళాలు పెట్టడం తప్పని నేననను. వాటిని అర్థమయ్యే భాషలో చెప్పకపోవడం తప్పు. 'పాత్ దొరకలేదు' అనే బదులు 'అవతలి కంప్యూటరు ప్రమాదకరమైన పాత పద్ధతిలో మాట్లాడుతోంది' అని చెబితే, మామూలు మనిషి కూడా ఆలోచించి అడుగు వేస్తాడు. కారణం చెప్పని కాపలాదారుని జనం దాటిపోతారు, అది మానవ సహజం.

కాబట్టి ఈసారి మీకు ఫోనొస్తే ఈ వరసలో వెళ్ళండి. ముందు పింగ్: రెండూ ఒకే నెట్‌వర్కులో ఉన్నాయా? కొత్త విండోసులో ఆ నెట్‌వర్కు 'పబ్లిక్' అని ఉంటే 'ప్రైవేట్'కి మార్చండి. (పింగ్‌ని ఫైర్‌వాలే ఆపుతూ ఉండొచ్చు, అందుకని జవాబు లేనంత మాత్రాన ఆశ వదులుకోకండి.) తరవాత ఐపీ అడ్రసుతో తెరిచి చూడండి. అది తెరుచుకుని పేరుతో తెరుచుకోకపోతే గొడవ పేరుదే. రెండూ కాకపోతే 445 పోర్టు దారి, ఎస్సెంబీ వెర్షను చూడండి. పాస్‌వర్డు అడిగి వెనక్కి పంపుతుంటే, షేర్ చేసిన కంప్యూటరు మీద పాస్‌వర్డుతో ఒక ఖాతా సృష్టించి దాంతో వెళ్ళండి. 'ఎవ్రీవన్' జోలికి వెళ్ళొద్దు. ఫైలు చదవనిచ్చి సేవ్ చేయనివ్వకపోతే తాళాలు రెండున్నాయని గుర్తు పెట్టుకోండి: షేరుకి ఒకటి, డిస్కులోని ఫోల్డరుకి ఒకటి. రెంటిలో ఏది గట్టిదైతే అదే చెల్లుతుంది.

అవతలిది ఎక్స్‌పీ అయితే మాత్రం కొత్తదాంట్లో ఒకటో వెర్షను ఆన్ చేయకండి. ఎక్స్‌పీకి ఇంటర్నెట్టు పీకేయండి. మూలన పడున్న ఇంకో కంప్యూటరుకి రెండు నెట్‌వర్కు కార్డులు తగిలించి, లినక్సూ సాంబా వేసి మధ్యలో కూర్చోబెట్టండి. ఒక చెవి ఎక్స్‌పీకి, ఒక చెవి కొత్తదానికి. (కొత్త సాంబాలో కూడా ఒకటో వెర్షను ఆపేసి ఉంటుంది, ఎక్స్‌పీ కోసం కాన్ఫిగరేషన్లో మనమే అనుమతించాలి. రెండు కార్డుల మధ్య ప్యాకెట్లు దాటే దారి మాత్రం తెరవకూడదు.) అంత ఓపిక లేకపోతే ఒక పెన్ డ్రైవు, వైరస్ స్కాన్‌తో సహా. అన్నిటికంటే ముందు, ఆ పాత ఫైళ్ళన్నీ పీడీఎఫ్‌లుగా ఒకసారి, ఉన్నవున్నట్టు ఒకసారి బయటి డిస్కులోకి తీసి, ఆ డిస్కు కంప్యూటరునుంచి పీకి బీరువాలో పెట్టించండి.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఒక్క పూట పని ఇది. పెద్ద పెద్ద క్లౌడు సర్వర్లకు కాపలా కాసే మన తరం, మనల్ని కంప్యూటరు చదువుకి పంపిన ఊళ్ళోని రెండు కంప్యూటర్లకి ఆ మాత్రం చేయలేదా? మీ ఊళ్ళో పరిస్థితి ఎలా ఉందో, మీరు ఏ ఉపాయం వాడారో చెప్పండి, తెలుసుకోవాలనుంది.